మా గానవిని ఖాళీ చేసిన బడి

"రేపు ఈ పిల్ల రైల్లో యాడన్నా తప్పిపోయి, దొరికినోళ్లకి ఇంగ్లీషు తప్ప ఇంకేం రాకపోతే, ఇది మన ఇంటి అడ్రసు ఎట్ల చెప్తాదత్తా?"

ఈ మాట నేను పైకి అన్నప్పటికి మా ఇంట్లో ఏమీ జరగలేదు. పిల్ల తప్పిపోలేదు, రైలెక్కలేదు. ఆదోనిలో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఉండి కూడా మేము రైలెక్కి మూడేళ్లయింది. మా అత్త హులిగెమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది. నా కూతురు గానవి ఆ పప్పులో దొరికిన రాళ్లను నేల మీద వరుసగా పేరుస్తోంది.

"రైలెక్కితే గదా తప్పిపోయేకి," అంది అత్త, చేట మీద నుంచి తల ఎత్తకుండా.

నాకు ధైర్యం రాలేదు. రైలెక్కకుండానే తప్పిపోగలిగిన పిల్లలు లోకంలో ఉంటారు. మనకేం తెలుసు.

గానవికి అప్పటికి నాలుగేళ్లు. నోరు ముయ్యని పిల్ల. నాతో తెలుగు. అత్త పుట్టిల్లు తుంగభద్ర అవతల సిరుగుప్ప కాబట్టి ఆమెతో కన్నడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడుకునేది పక్కింటి జైతూన్ ఆపా ముంగిట్లో కాబట్టి ఆమెతో ఉర్దూ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. ఒకే గుక్కలో నన్ను "మా, నీళ్లు" అని, వాళ్లవ్వను "అవ్వా, నీరు కొడు" అని, గోడ మీద నుంచి "ఆపా, పానీ" అని మూడు చోట్ల నుంచి మూడు గ్లాసులు తెప్పించుకుని, ఒక్కటీ తాగకుండా మా పుంజుకు పోసేది. పొరపాటున కూడా ఒకరి మాట ఇంకొకరికి వేసేది కాదు. చూసినవాళ్లంతా నవ్వేవాళ్లు. నాకు మాత్రం గుండె దడ. నేను చదివింది ఎనిమిదో తరగతే అయినా ఆమాత్రం లెక్క తెలుసు. చిన్న తలకాయ, మూడు భాషలు. ఇక ఇంగ్లీషు వస్తే ఎక్కడ కూర్చుంటుంది?

సరిగ్గా ఆ విషయం గురించే దిగులుపడే బడి ఒకటి మా వీధి చివర వెలిసింది. పాత పత్తి గోడౌనుకు నీలం రంగు కొట్టి, "క్రిస్టల్ టంగ్ ఇంటర్నేషనల్ కిడ్స్ అకాడమీ" అని బోర్డు పెట్టారు. ఇంటింటికీ కరపత్రం పంచారు. దాని మీద ఒకటే వాక్యం: "మీ బిడ్డ మెదడు నిండిపోకముందే రండి."

అది చదివాక నాకు ఆ పూట అన్నం దిగలేదు.

"మెదడు నిండేదేంది మే? అదేమన్నా పత్తి మూటా?" అన్నాడు మా ఆయన ఈరన్న. ఆయన జిన్నింగ్ మిల్లులో మెకానిక్కు. పదేళ్లుగా మిషన్ల పక్కన నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడు. ఆయనకు ఏ విషయమూ సగం కంటే ఎక్కువ చేరదు కాబట్టి ఆయన దిగులు కూడా సగమే. మిగిలిన సగం నేనే పడాలి.

మర్నాడే పాపను తీసుకుని బడికి పోయాను.

కరస్పాండెంటు ఓబులేశు సార్ బల్ల మీద ఒక మట్టి కుండ ఉంది. అందులో మెడ దాకా కంకర.

"ఇది మీ పాప మెదడు అనుకోండి," అన్నాడాయన.

గానవి కుర్చీ మీద మోకాళ్లేసి లేచి తన మెదడులోకి తొంగి చూసింది.

"మాతృమూర్తుల్లో ఒక అపోహ ప్రబలంగా ఉంది. పసిపిల్లలు భాషల్ని వాటంతటవే నేర్చేసుకుంటారని. నేర్చుకోవడం లేదని మేము అనడం లేదమ్మా. నేర్చుకుంటున్నారు. సమస్యే అది. ఎవరి అనుమతీ లేకుండా, ఒక సిలబస్ లేకుండా, టైంటేబుల్ లేకుండా నేర్చేసుకుంటున్నారు." ఆయన ఒక రాయి తీసి చూపించాడు. "ఇది 'అన్నం'." ఇంకోటి తీశాడు. "ఇది 'కుక్క'. ఇవన్నీ లోపల చోటు ఆక్రమించాయి. ఇప్పుడు చూడండి, ఇంగ్లీషు పోస్తున్నాను."

చెంబుతో నీళ్లు పోశాడు. నీళ్లు రాళ్ల సందుల్లోంచి చల్లగా కిందికి దిగిపోయాయి. ఇంకో చెంబు పోశాడు. అదీ దిగిపోయింది. మూడో చెంబు తెప్పించి, కాస్త కోపంగా పోసేసరికి అప్పుడు కుండ పొర్లి, బల్ల మీద కాగితాలు తడిశాయి.

"చూశారా? నిలవలేదు," అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ.

నేను చూశాను. నా కళ్లారా చూశాను. ఇక సందేహమేముంది.

తరవాత పరీక్ష. తిలోత్తమ మేడం అని, ఆ బడిలో గృహభాషా శుభ్రతాధికారిణి, వచ్చి పాప ముందు ఒక బొమ్మ పట్టుకుంది. గానవి బొమ్మను చూసి "పిల్లి" అంది. మేడం మొహంలో ఏమీ కదల్లేదు. ఈమెది వేరే భాషేమో అనుకుందో ఏమో, "బెక్కు" అంది. మేడం కళ్లు చిన్నవయ్యాయి. గానవికి జాలేసింది. మెల్లగా, ముసలివాళ్లకు చెప్పినట్టు, "బిల్లీ" అంది.

"ట్రిపుల్ కంటామినేషన్ సార్," అంది మేడం.

"బతుకుతాదా సార్?" అన్నాను నేను.

"బతుకుతుంది. కానీ ఖాళీ చెయ్యాలి." ఓబులేశు సార్ గొంతు తగ్గించాడు. "మా అధ్యయనాల్లో నిర్ధారణ అయినదేమిటంటే, శిశువుకు సంబంధించి ప్రధాన భాషా కాలుష్య వనరు తల్లి. వనరును అలా వదిలేసి పాపను శుభ్రపరచడం వృథా ప్రయాస. కనుక మేము అడ్మిషను పాపకివ్వడం లేదు. మీకిస్తున్నాం. పాప మీ ప్రాజెక్టు వర్కు."

అట్లా ఇరవై ఏళ్ల తరవాత నేను మళ్లీ బడిలో చేరాను. నా ఫోటో అంటించిన మార్కుల కార్డు ఇచ్చారు. "తాయమ్మ, రోల్ నంబరు పదిహేడు." చేరగానే నూటికి నూరు వేశారు. ఇన్నేళ్లకు ఒక బడి నన్ను గుర్తించిందని కళ్లనీళ్లొచ్చాయి. నియమం చిన్నదే. ఇంట్లో తెలుగో కన్నడమో ఉర్దూవో వినిపించినప్పుడల్లా నాకు మార్కులు కోస్తారు. అది పాప నోటి నుంచి వస్తే రెట్టింపు. ముప్పై అయిదుకు తగ్గితే నా పేరు కొట్టేసి టీసీ ఇస్తారు. అందులో నడవడి అన్న చోట "మాట్లాడును" అని రాస్తారట. ఆ మాట ఉన్న టీసీ తీసుకుని ఏ తల్లి తలెత్తుకు తిరగగలదు?

మొదటి వారం ఇల్లంతా ఇంగ్లీషే. నాకొచ్చిన మాటలు పదకొండు.

"కమ్ గానవీ. సిట్ గానవీ. ఈట్ గానవీ. నో కోడి గానవీ."

గానవి కాసేపు నన్ను పరీక్షగా చూసి, గోడ దగ్గరికి పోయి ఏదో చెప్పొచ్చింది. పది నిమిషాల్లో జైతూన్ ఆపా మిరియాల కషాయం పట్టుకుని వచ్చేసింది.

"క్యా హువా తాయమ్మా? నీకి జొరమొచ్చి ఏందేందో అంటాండావంట గదా, బచ్చీ చెప్పె!"

"నో ఫీవర్ ఆపా. స్కూల్," అన్నాను.

ఆపా నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, కషాయం మొత్తం దగ్గరుండి తాగించి పోయింది.

శనివారం తిలోత్తమ మేడం స్కూటీ మీద తనిఖీకి వచ్చింది. నా ఇంగ్లీషు ఒక పావుగంట విన్నది. రాసుకోవడం కూడా ఆపేసింది.

"చూడమ్మా, మీ తెలుగు దుమ్ము లాంటిది. దులిపితే పోతుంది. మీ ఇంగ్లీషు జిడ్డు. ఒకసారి పాపకు అంటుకుంటే జన్మలో వదలదు. ఈ క్షణం నుంచి మీరు ఏ భాషా మాట్లాడవద్దు. తల్లి శిశువుకు ఇవ్వగల అత్యున్నత ప్రమాణాల ఇన్‌పుట్ నిశ్శబ్దమే."

ఆమె పన్నెండు బొమ్మల కార్డులు ఇచ్చింది. కంచం కార్డు చూపిస్తే తినమని. గ్లాసు చూపిస్తే తాగమని. బకెట్టు చూపిస్తే స్నానం. చాప చూపిస్తే పడుకోమని. అడ్డగీత కొట్టిన చెయ్యి చూపిస్తే వద్దని. ముద్దు చేయడానికి కార్డు లేదు. చేతులతో అడిగాను. సిలబస్‌లో లేదంది.

"నేనేం మీ బడిలో చేర్లేదమ్మా తల్లీ," అంది మా అత్త.

"ఇది గృహవ్యాప్త నిబంధన పెద్దమ్మా. ఒకే కప్పు కింద శ్వాసించే సమస్త సభ్యులకూ వర్తిస్తుంది," అంది మేడం, నా కార్డులో రెండు మార్కులు కోస్తూ.

ఇంట్లో ఈ ఏర్పాటుతో బాగుపడినవాడు ఒక్కడే. మా ఆయన. మొదటి రోజు నేను కంచం కార్డు చూపించగానే వచ్చి కూర్చున్నాడు. గ్లాసు చూపించగానే తాగాడు. తాగి, తృప్తిగా, ఊరంతా వినిపించేటట్టు అన్నాడు: "పెండ్లయి ఏడేండ్లకి నువ్వు చెప్పేది నాకి మొదటిసారి అర్థమైతాంది మే!"

దానికీ రెండు మార్కులు పోయాయి.

అట్లా రోజుకిన్ని కరిగిపోతుండగా పెద్ద తనిఖీ వచ్చింది. తిలోత్తమ మేడం పొద్దున్నే వచ్చి నడవలో కుర్చీ వేసుకుని, ఫోన్లో శబ్దం కొలిచే యంత్రం పెట్టుకుని కూర్చుంది. గంటసేపు మా ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు. అత్త పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఊపిరి కూడా లెక్కపెట్టి పీలుస్తున్నాను. మేడం మెచ్చుకోలుగా తల ఊపబోయింది. సరిగ్గా అప్పుడు మా పుంజు గోడెక్కింది.

"కొక్కొరొకో!"

మేడం కలం తీసింది. "కోడి. ప్రాంతీయ భాష. మైనస్ పది."

అత్త నోట్లోంచి కొంగు జారిపోయింది. "మరి అది ఏమని కుయ్యాలంటమ్మా?"

"ఇంగ్లీషు కోళ్లు 'కాకడూడుల్‌డూ' అంటాయి."

అత్త పుంజు వైపు చాలాసేపు చూసింది. "పాపం, దానికి అంత నోరు తిరగదులే తల్లీ. చిన్నప్పుడే వాళ్లమ్మ చెప్పింటే వచ్చుండు."

"మైనస్ అయిదు."

గానవికి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, దొర్లి, దొర్లి, "అవ్వా! మన కోడికి తలదువ్వి, బొట్టు పెట్టి, టిఫిన్ బాక్సిచ్చి బడికి తోలిద్దామవ్వా! అది పోయి మేడంని పొడుస్తాది!" అంది.

అంత పెద్ద వాక్యం పిల్ల అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకోరోజయితే దిష్టి తీసేదాన్ని. మేడం వేళ్ల మీద ఒక్కో మాటా లెక్కపెట్టి, రెట్టింపు చేసి, కార్డు నా చేతిలో పెట్టింది.

"తాయమ్మా, నలభై ఒకటి. ఇంకో ఏడు పోతే మీ పేరు కొట్టేస్తాం. మీ ఫోటో నోటీసు బోర్డులో పెడతాం. ఆ తరవాత మీ ఇష్టం."

అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. చప్పుడు రాకుండా ఏడవడం అప్పటికి వచ్చేసింది. గానవి నవ్వు ఆపేసింది. నన్ను చూసింది, నా చేతిలో కార్డు చూసింది, మేడం కలం చూసింది. తరవాత లోపలికి పోయి, బొమ్మల కార్డుల్లో వెతికి, గ్లాసు కార్డు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఆ ఆదివారం పుంజును కూర చేశాం. అందరం ఒక్కసారిగా నోరు తెరిచింది ఆ వారంలో ఆ పూటే. గానవి తినలేదు.

ఆ తరవాత నా మార్కులు తగ్గలేదు. పైగా మాట వినపడని రోజుకో మార్కు చొప్పున కలుపుతూ పోయారు. నలభై ఎనిమిది, యాభై అయిదు, అరవై. తలుపు వెనక కార్డు వేలాడదీసి పొద్దున్నే దానికి దండం పెట్టుకునేదాన్ని. నేను ఇంత బాగా చదువుతానని నాకే తెలియదు.

గానవి వైపు సరిగ్గా చూసింది ఆ తరవాతే.

జైతూన్ ఆపా ముంగిట్లో పిల్లలంతా అరుస్తూ ఆడుతుంటే ఇది మెట్టు మీద కూర్చుని ఉంది. వాళ్లవ్వ చాటుగా "బారే ఇల్లి, నన్న బంగారా" అని పిలిస్తే దగ్గరికి పోయి ఒళ్లో కూర్చుంది గాని, ఊఁ అనలేదు. ఒకరోజు గడప తగిలి కాలి గోరు లేచింది. రక్తం. నోరు తెరిచింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు నుంచి ఏమీ రాలేదు. ఆ తెరిచిన నోటిని తన చేత్తో తనే మూసుకుంది.

"నక్కో తాయమ్మా, ఇది మంచిది కాదు," అంది ఆపా గోడ మీద నుంచి. "బచ్చీ గూంగీ అయిపోతాది. మూగది! మాట చెప్తే గదా మాట వచ్చేది. పిల్లలకి ఏమన్నా ఆకాశం నుంచి పడ్తాదా?"

నేను అడ్డగీత కొట్టిన చెయ్యి కార్డు చూపించాను. చూపించి లోపలికి వచ్చేశాను. రేపు పొయ్యి అంటుకుంటే ఈ పిల్ల కేకెట్లా వేస్తుంది? పాము కనపడితే ఎవరిని పిలుస్తుంది? బాయి గట్టు మీద కాలు జారితే? పెద్దదై పెళ్లిచూపుల్లో పేరడిగితే ఏ కార్డు చూపిస్తుంది? ఇంగ్లీషు రాక తప్పిపోయే పిల్ల గురించి భయపడ్డదాన్ని. ఇప్పుడు ఇంట్లో, నా కళ్లెదురుగా, చాప మీద కూర్చున్న పిల్ల తప్పిపోయింది.

పలక మీద రాసుకుని బడికి పరుగెత్తాను. బడి ఆవరణలో తల్లులు మాట్లాడకూడదు. "పాప నోరు తెరవక 23 దినాలాయె సార్. మాటే లేదు."

ఓబులేశు సార్ పలక చదివి లేచి నిలబడ్డాడు. ఒళ్లు పులకరించిపోయింది ఆయనకు.

"జీరో లెవెల్!" అన్నాడు. "తాయమ్మా, మీకర్థమవుతోందా? సంపూర్ణ శూన్యస్థితి! అకాడమీ చరిత్రలో ప్రథమం! కుండ ఖాళీ!" నా చేతిలో మైసూరుపాకు పెట్టాడు.

నేను పలక తుడిచి రాశాను: "మరి ఇంగ్లీషు ఎప్పుడు పోస్తారు?"

ఆయన మొహం కాస్త వాడింది. వెళ్లి తలుపు వేశాడు. కిటికీ పరదా లాగాడు.

"అక్కడే చిన్న సాంకేతిక జాప్యం. హెడ్డాఫీసు నుంచి ఆడిట్ బృందం వచ్చింది. మా టీచర్ల ఇంగ్లీషును శాంపిలు తీసి పరీక్షకు పంపారు. అందులో ఆదోని ఉందని తేలింది. అందరిలోనూ! కనుక అధ్యాపక సిబ్బందిని కూడా నిశ్శబ్ద పరిధిలోకి తెచ్చాం."

"మీ ఇంగ్లీషు?" అని రాశాను.

"నా శాంపిలు కూడా పంపాను. ఫలితాలు రావాలి." నుదురు తుడుచుకున్నాడు. "శుద్ధమైన ఇంగ్లీషుకు విదేశానికి ఆర్డరు పెట్టాం. ఒక యంత్రం. అందులో పుట్టుకతోనే ఇంగ్లీషు మాట్లాడిన ఒకావిడ గొంతు ఉంటుంది. ప్రస్తుతం ఓడరేవులో తనిఖీలో ఉంది. అంతవరకు పాత్రల్ని శుభ్రంగా బోర్లించి ఉంచడం మన ధర్మం."

బయటికి వస్తూ తరగతి కిటికీలోంచి చూశాను. నలభై మంది తల్లుల ప్రాజెక్టు వర్కులు బెంచీల మీద కూర్చుని ఉన్నాయి. టీచరమ్మ యాపిలు పండు బొమ్మ ఎత్తి, నోరు బాగా తెరిచి, చప్పుడు లేకుండా మూసింది. పిల్లలందరూ నోళ్లు తెరిచి, చప్పుడు లేకుండా మూశారు. తొట్లో చేపల్లాగా. వెనక బెంచీలో ఎవరో తుమ్మారు. టీచరమ్మ ఉలిక్కిపడి, తుమ్ము ఏ భాష కిందికి వస్తుందోనని రిజిస్టరు తిరగేసింది.

నేను వెనక్కి పోయి పలక మీద పెద్దక్షరాలతో రాశాను: "మానేస్తా సార్."

"మానెయ్యొచ్చు," అన్నాడాయన మర్యాదగా. "కానీ ఖాళీ చేసి, ఇంకా నింపని బిడ్డను ఎవరు తీసుకుంటారు? తెలుగు బడివాళ్లు తెలుగు లేదంటారు. ఇంగ్లీషు బడివాళ్లు ఇంగ్లీషు లేదంటారు. పైగా టీసీ మీకివ్వగలం గాని, పాపకు ఇవ్వలేం. పాప పేరు మా రికార్డుల్లో ఎక్కడా లేదు."

అట్లా చేతిలో కరిగిపోతున్న మైసూరుపాకుతో ఇంటికొచ్చాను. ఇంకో అయిదు వారాలు గడిచాయి. ఓడరేవు నుంచి ఎవరి గొంతూ రాలేదు. నా మార్కులు తొంభై తొమ్మిదికి చేరాయి. మిగిలిన ఒక్కటీ ఎందుకివ్వలేదంటే, నూటికి నూరు ఎవరికీ వెయ్యకపోవడం విద్యా సంప్రదాయమని తిలోత్తమ మేడం రాసిచ్చింది.

బడివాళ్లు శూన్యోత్సవం పెట్టారు. ఊళ్లో పెద్ద ఫంక్షన్ హాలు. గుమ్మానికి తోరణం, దాని మీద బ్యానరు: "మా పిల్లలు ఏమీ మాట్లాడరు. వచ్చి వినండి."

ముఖ్య అతిథి దండపాణి గారు. జిల్లా శిశుభాషా సమన్వయాధికారి. కారు దిగి గుమ్మం బయటే విలేకరులకు చెప్పాడు: "ఈ వినూత్న విధానమును క్షుణ్ణముగా అధ్యయనము చేయుటకు ఒక ఉపసంఘమును నియమించు విషయమును పరిశీలించవలసినదిగా పైవారికి సిఫారసు చేయు అవకాశమును కొట్టివేయలేము." అది ఏ భాషో తిలోత్తమ మేడం తేల్చుకునేలోపు ఆయన లోపలికొచ్చేశాడు.

లోపల ఆయనను కూడా మాట్లాడనివ్వలేదు. మైకు ఆపేసి ఇచ్చారు. ఆయన తెచ్చుకున్న అయిదు పేజీల ఉపన్యాసాన్ని మనసులోనే చదువుకుంటూ, ఒక్కో పేజీ తిప్పి, రెండుచోట్ల బల్ల గుద్ది, కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. చప్పట్లకు భాష లేదని అంతకుముందు రోజే ఒక సంఘం తీర్మానించింది. అంత మంచి ఉపన్యాసం తాను వినలేదని పక్కావిడ నాకు సైగ చేసింది.

తరవాత నన్ను పిలిచారు. అంటే, నా పేరున్న అట్ట ఎత్తారు. "ఉత్తమ మౌనమాత." శాలువా కప్పారు. గానవిని నా పక్కన నిలబెట్టారు. జడలో నేను పెట్టిన కనకాంబరాలు ఒక పక్కకు వాలిపోయాయి. మూడో వరసలో మా ఆయన, అత్త, జైతూన్ ఆపా. ముగ్గురూ కొత్త బట్టల్లో, చావు ఇంటికి వచ్చినట్టు కూర్చున్నారు.

ఓబులేశు సార్ ఇంకో అట్ట ఎత్తాడు: "ఇప్పుడు ప్రత్యక్ష ప్రదర్శన."

తిలోత్తమ మేడం గానవి ముందు పిల్లి బొమ్మ పట్టుకుంది. గానవి చూసింది. ఏమీ అనలేదు. చప్పట్లు. కుక్క బొమ్మ. ఏమీ అనలేదు. ఇంకా గట్టి చప్పట్లు. దండపాణి గారు మెచ్చుకుంటూ ముందుకు వంగాడు. అప్పుడు మేడం చివరి బొమ్మ తీసింది. అది నేను చేరేటప్పుడు ఇచ్చిన ఫోటో. నా ఫోటో.

గానవి ఫోటోను చూసింది. తల తిప్పి నన్ను చూసింది. తరవాత రెండు పెదాలూ లోపలికి మడుచుకుని, బిగించి, తల దించుకుంది.

హాలు హాలంతా లేచి నిలబడింది. ఆగకుండా చప్పట్లు. దండపాణి గారు కూడా లేచాడు.

ఆ చప్పట్ల మధ్య నా లోపల ఏదో తెగింది. మైకు లాక్కున్నాను. కింద మీట ఉంటే నొక్కాను. కుయ్యిమంది.

"గానవీ!"

వారాల తరబడి వాడని గొంతు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

"అదెవరే తల్లీ? ఆ ఫోటోలో ఉండేది ఎవరు? చెప్పే. ఏ బాసలోనైనా సరే చెప్పు. నన్ను తిట్టినా సరే. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి..."

ఓబులేశు సార్ దొరికిన అట్టనల్లా ఎత్తుతున్నాడు. ఒకటి తలకిందులుగా ఉంది. తిలోత్తమ మేడం పుస్తకం తెరిచి గబగబా గీతలు గీస్తోంది. నేను మోకాళ్ల మీద కూలబడి పిల్ల రెండు భుజాలూ పట్టుకున్నాను.

గానవి మాట్లాడలేదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మూడో వరసలో మా ఆయన, వినపడటం లేదనుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డాడు. వినడానికి ఏమీ లేదు. అయిపోయింది, అనుకున్నాను. నిజంగానే ఖాళీ చేసేశారు. అడుగుకంటా ఖాళీ. ఇక ఈ పిల్ల ఎప్పటికీ...

గానవి తిలోత్తమ మేడం కలం వైపు చూసింది. ఆ కలం ఇంకా గీస్తూనే ఉంది. పిల్ల నా మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గరికి నోరు పెట్టింది. మైకు నా చేతిలోనే ఉంది కాబట్టి ఆ గుసగుస హాలంతా వినపడింది.

"మా, మాట్లాడద్దుమా. ఆమె రాసుకుంటాంది చూడు. నీ పేరు కొట్టేస్తారంట. నేనైతే యాడా ఒక్క మాట గూడ చెప్పలే. అవ్వకి చెప్పలే, ఆపాకి చెప్పలే. కాలికి తగిల్నప్పుడు గూడ చెప్పలే. నువ్వు పాసైనాక అన్నీ చెప్తాలేమా."